గుహ ముందు బూడిద పొర: పాతకాలపు పొయ్యా, కాలిన చెట్టు మొదలా?

బేతంచెర్ల వైపు సున్నపురాయి గుహ ముందు, వాన కోసిన గట్టులో రెండడుగుల వెడల్పున బూడిద పొర బయటపడింది. కింద మూడు సెంటీమీటర్ల మేర ఎర్రబారిన మట్టి, పక్కన వేడికి పగిలిన రాళ్లు. చెట్టు మొదలు కాలితే ఎరుపు వేరు వెంట గొట్టంలా లోతుకు దిగుతుంది. ఇది మూకుడు అడుగులా ఉంది, కాబట్టి పొయ్యే అనిపిస్తోంది.

చిక్కంతా బూడిదతోనే. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం చుక్క వేస్తే పొంగుతుంది, కానీ కట్టె బూడిదలోనూ సున్నపురాయి పొడిలోనూ ఉండేది కాల్షియం కార్బొనేటే కదా! ఈ నేలలో ఆ పరీక్ష ఏదీ తేల్చదు. పురావస్తు శాఖ అనుమతి వచ్చాకే, ప్లాస్టర్ కట్టి దిమ్మగా తీసి, పలచటి కోత సూక్ష్మదర్శినిలో చూడాలి.

వదులు బూడిద రాలకుండా ఏ రెసిన్‌ను (ఆరి గట్టిపడే జిగురును) ఎంత పలచన చేసి పట్టించాలి? రెసిన్ తగిలితే బొగ్గు కార్బన్ కాలనిర్ణయం (బొగ్గులో మిగిలిన రేడియో కార్బన్‌ను బట్టి వయసు లెక్కించడం) తప్పిపోవచ్చు, కాబట్టి బొగ్గు ముక్కల్ని ముందే ఏరి అల్యూమినియం రేకులో చుట్టాలా? ఈ పని చేసినవారు దయచేసి చెప్పండి.