బత్తాయి ఎండుతోంది, సీతాఫలం పెట్టమంటారా?

గుట్టకింది రైతు: మాది నల్గొండ దగ్గర ఊరు. నాలుగెకరాల బత్తాయి, పదకొండేళ్ల తోట. మూడు బోర్లూ ఎత్తిపోయాయి, కొమ్మలు కొసల నుంచి ఎండుతున్నాయి. మా గుట్ట మీద సీతాఫలాలకు చెంబెడు నీళ్లు పోసినవాడు లేడు, ఏటా దసరాకు కాస్తూనే ఉన్నాయి. ఇంకో బోరు వేయాలా, తోట తీసేసి సీతాఫలం పెట్టాలా?

పాలమూరు పిల్లోడు: సీతాఫలమే అన్నా. ఎండలు ముదిరితే ఆకంతా రాల్చుకుని మోడులా నిలబడుతుంది. ఆకు లేకపోతే నీటి ఖర్చు లేదు. వానలకే కాపు పట్టుకుంటుంది. బాలానగర్ రకం మా జిల్లాదే, వేరే రాష్ట్రాల వాళ్లూ పెట్టుకుంటున్నారు.

బత్తాయి బాపు: చెంబెడు నీళ్లు కూడా వద్దా? ఎప్పుడైనా మొక్క నాటావా? మొదటి రెండు మూడు ఎండాకాలాలు తడి ఇవ్వకపోతే మొక్కే మిగలదు. కాయ కన్ను విచ్చిందంటే రెండు మూడు రోజుల్లో మెత్తబడుతుంది. నిరుడు మా బావమరిది నలభై గంపలు తీసుకుపోయి, ఇరవై రెండు పారబోసి వచ్చాడు.

పాలమూరు పిల్లోడు: చెంబెడు అన్నది ఆయన. నేను కాదు. పైకెళ్లి చదవండి.

బత్తాయి బాపు: చదివాను. ఇద్దరిదీ ఒకటే మాట.

సాయంత్రం చాయ్: గుట్ట కాయ రుచి తోట కాయకు రాదు. అంతే.

లెక్కల సారు: బాపూ, బత్తాయి పూతకు రావాలని నీళ్లు ఆపి బెట్ట పెట్టేది మీరే కదా? చెట్టును ఆపగలిగినవాళ్లు బోరును ఎందుకు ఆపలేరు? మన కింద ఉన్నది గ్రానైట్ బండ. నీళ్లుండేది దాని పగుళ్లలోనే. ఒకే పగులుకు రెండు బోర్లు తగిలితే లోతుగా వేసినవాడికే నీళ్లు.

బత్తాయి బాపు: బెట్ట తర్వాత తడి ఇవ్వాలి సారూ. దానికి నీళ్లెక్కడివి? అందుకే నాలుగో బోరు వేశా, ఆరు వందల అడుగులు. పడ్డాయి. ధైర్యం ఉన్నోడు వేస్తాడు.

గుట్టకింది రైతు: ఊరుకుందామనుకున్నా గానీ, ఈ బాపు మా గెట్టు పక్క పెద్దనాయనే. పెద్దనాయనా, నువ్వు ఉగాదికి బోరు వేశావు. ఇరవై రోజులకు మా మూడోది ఎత్తిపోయింది.

బత్తాయి బాపు: బండ కింది నీళ్లు ఎవడి పేరున పట్టా ఉన్నాయిరా? నాకు మాత్రం అప్పు లేదా?

గుట్టకింది రైతు: బోరు సంగతి వదిలెయ్. మన రెండు తోటల మీద పడ్డ వాన తాత కట్టిన కుంటలో ఆగేది. కుంట కింది బావిలో ఎండాకాలం కూడా మోకాలిలోతు నీళ్లుండేవి. నీ భాగంలోకి వచ్చిందని ఆ కుంట దున్ని పత్తి పెట్టావు. అడిగితే ఆ రోజు మా అమ్మను ఎంత మాటన్నావు!

పాలమూరు పిల్లోడు: అన్నా, మరి సీతాఫలం?

గుట్టకింది రైతు: ఆగు తమ్ముడూ.

బత్తాయి బాపు: పత్తి ఏరడం సంక్రాంతికి అయిపోతుంది. అప్పుడు ఇంటికి రా. మీ అమ్మను కూడా తీసుకురా. ఇక్కడ రాయకు.