గుండె వైఫల్యం ఏ రకమో రక్త పరీక్షతో తేలుతుందా?

ప్రశ్న (అనంతపురం నుండి):
మా నాన్నగారికి 68 ఏళ్లు, చాలాకాలంగా షుగర్ ఉంది. రెండు నెలలుగా మిద్దె ఎక్కితే ఆయాసం వస్తోంది. సాయంత్రానికి చీలమండ దగ్గర వేలితో నొక్కితే పడిన గుంట అలాగే ఉండిపోతోంది. ఎకోలో ఎజెక్షన్ ఫ్రాక్షన్ 56 శాతం వచ్చినా డాక్టరు గారు గుండె వైఫల్యమే అన్నారు. రక్తంలోని మెటబొలైట్లను (ఒంట్లో జరిగే రసాయన క్రియల్లో తయారయ్యే చిన్న పదార్థాలను) కొలిస్తే ఏ రకమో తెలుస్తుందని మా బావ గారు చదివారట. ఆ పరీక్ష కోసం బెంగళూరు వెళ్లమంటారా?

జవాబు (కర్నూలు నుండి):
నమస్కారం. నేను బయోకెమిస్ట్రీ ల్యాబులో పనిచేస్తాను. చికిత్స మాత్రం మీ డాక్టరు గారే నిర్ణయించాలి. ఎడమ జఠరికలో నిండిన రక్తంలో ఒక్కో స్పందనకు ఎంత వంతు బయటికి వెళ్తుందో మాత్రమే ఆ 56 శాతం చెబుతుంది. కండరం బిగుసుకుపోయి జఠరిక సరిగా వదులు కానప్పుడు, పంపింగ్ బాగున్నా లోపలి ఒత్తిడి పెరిగి దాని భారం ఊపిరితిత్తుల మీద పడుతుంది. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతం లేదా అంతకు తక్కువైతే ఒక రకం, 50 లేదా అంతకు ఎక్కువైతే మరో రకం, నడుమ ఉన్నది మూడోది.

ఇక మెటబొలైట్ల సంగతి. గుండె ఎక్కువగా కొవ్వు ఆమ్లాలనే ఇంధనంగా వాడుకుంటుంది. అది దెబ్బతిన్నప్పుడు ఆ తీరు మారి, రక్తంలో ఎసైల్ కార్నిటిన్లు (కొవ్వు ఆమ్లాలను మోసుకెళ్లే రూపాలు), కీటోన్లు (కొవ్వు నుండి తయారయ్యే ఇంధనం), కొన్ని అమైనో ఆమ్లాల మోతాదులు కూడా మారుతాయి. రెండు రకాల రోగులను గుంపులుగా పోల్చిన పరిశోధనల్లో సగటు తేడాలు కనిపించిన మాట నిజమే. కానీ ఒక్క మనిషి రక్తం చూసి రకం తేల్చడానికి అది చాలదు. ఉపవాసం, షుగర్, మూత్రపిండాల పనితీరు, వాడే మాత్రలు అన్నీ ఈ అంకెలను కదిలిస్తాయి. రక్తం తీసిన గొట్టాన్ని బల్ల మీద గంటసేపు వదిలేసినా, అందులోని ఎర్ర కణాలు గ్లూకోజును వాడుకుంటూనే ఉండి లాక్టేటును పెంచేస్తాయి. కాబట్టి ఆ ప్రయాణం వద్దనే నా మనవి.

దానికి బదులు ఎకో రిపోర్టులో ఎడమ కర్ణిక పరిమాణం, ఇ బై ఇ-ప్రైమ్ విలువ (జఠరిక నిండేటప్పటి ఒత్తిడిని సూచించే అంకె) రాశారేమో చూడండి. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ (గుండె మీద ఒత్తిడి పెరిగితే రక్తంలో పెరిగే పదార్థం), క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు చెప్పేది) పరీక్షలు చేయించారా అని అడగండి. ఎన్‌టీ-ప్రోబీఎన్‌పీ మిల్లీలీటరుకు 125 పికోగ్రాముల లోపుంటే సాధారణంగా వైఫల్యం ఉండే అవకాశం తక్కువ, అయితే స్థూలకాయుల్లో అది తక్కువగానే కనబడవచ్చు.

ప్రశ్నించినవారు:
కర్ణిక పెద్దదైందని రాసి ఉందండి. రకాన్ని బట్టి మందు మారుతుందా?

జవాబు:
కొన్ని మారతాయి. ఎజెక్షన్ ఫ్రాక్షన్ 40 శాతానికి మించినవారిలోనూ గుండె వైఫల్యంతో ఆసుపత్రి పాలయ్యే ముప్పును, షుగర్‌కు కూడా వాడే మాత్రలైన ఎంపాగ్లిఫ్లోజిన్ తగ్గిస్తుందని 2021లో, డాపాగ్లిఫ్లోజిన్ తగ్గిస్తుందని 2022లో పెద్ద ట్రయల్స్ చూపాయి. మీ నాన్నగారికి సరిపడతాయా అని డాక్టరు గారిని అడగండి. రోజూ ఉదయం మూత్రానికి వెళ్లి వచ్చాక, ఏమీ తినకముందు బరువు చూసి రాసిపెట్టండి. మూడు రోజుల్లో రెండు కిలోలకు మించి పెరిగితే అపాయింట్‌మెంటు కోసం ఆగకుండా ఆ రోజే చూపించండి.