బ్రేకర్ తెరుచుకుందని రిలే దేన్ని చూసి నమ్మాలి: ఆక్జిలరీ కాంటాక్టునా, కరెంటునా?

కొత్త ఏఈ

మా 220 కేవీ సబ్‌స్టేషన్‌లో ఒక లైనుకు పాత రిలే తీసేసి న్యూమరికల్ డిస్టెన్స్ రిలే (వోల్టేజీ, కరెంటు చూసి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో తేల్చి బ్రేకర్‌కు ట్రిప్ ఇచ్చేది) పెడుతున్నాం. లైను 30 కిలోమీటర్లు, రిలేకు కరెంటును తగ్గించి ఇచ్చే సీటీ 800/1. వోల్టేజీ కొలిచే సీవీటీ లైను వైపు ఉంది. సెట్టింగుల్లో బ్రేకర్ స్థితిని ఎలా గుర్తించాలన్న చోట ఇద్దరు పెద్దలు రెండు మాటలు చెబుతున్నారు. బ్రేకర్ స్థితిని చూపే ఆక్జిలరీ కాంటాక్టు 52బీ ఒక్కటి చాలని ఒకరి మాట. కాంటాక్టును నమ్మవద్దు, కరెంటు లేకపోతే బ్రేకర్ తెరిచినట్టే అని మరొకరి మాట. నేనేది పెట్టాలి?

షిఫ్టు ఇంజనీరు

52బీ పెట్టండి. అది బ్రేకర్ యంత్రాంగంతోనే కదులుతుంది. బ్రేకర్ తెరుచుకుంటే మూసుకుంటుంది, బ్రేకర్ మూసుకుంటే తెరుచుకుంటుంది. కరెంటు అలా కాదు. అర్ధరాత్రి లోడు లేని లైనులో బ్రేకర్ వేసే ఉంటుంది, కరెంటు మాత్రం కనిపించదు.

ఎంఆర్‌టీ పాతకాపు

అయ్యా, కాంటాక్టు ఒక్కదాన్నే నమ్మిన లైనులో ఏం జరిగిందో కళ్లారా చూశాను, అందుకే గట్టిగా చెబుతున్నాను. ఒక చోట ఆక్జిలరీ స్విచ్‌ను కదిలించే లింకు అరిగి, 52బీ మూసుకున్నట్టే ఉండిపోయింది. లైను బంగారంలా నడుస్తోంది, రిలే మాత్రం బ్రేకర్ తెరిచే ఉందని అనుకుంటోంది. దానివల్ల ఎస్‌ఓటీఎఫ్, అంటే బ్రేకర్ వేయగానే ఫాల్ట్ కనిపిస్తే ఆలస్యం లేకుండా ట్రిప్ చేసే ఏర్పాటు, ఎప్పుడూ సిద్ధంగానే ఉంది. ఒక రోజు అవతలి సబ్‌స్టేషన్ దాటాక ఫాల్ట్ వచ్చింది. మన రిలేకు అది రెండో జోన్ (సొంత లైను దాటిన భాగం), 350 మిల్లీ సెకన్లు ఆగాలి. ఆగలేదు, తక్షణం ట్రిప్ ఇచ్చింది. అక్కర లేకుండా ఒక ఊరంతా చీకటైంది.

దీనికి తలకిందుల తప్పు ఇంకా ప్రమాదకరం. 52బీ వైరు ఊడితే రిలే బ్రేకర్ ఎప్పుడూ మూసే ఉందనుకుంటుంది, ఎస్‌ఓటీఎఫ్ సిద్ధమే కాదు. లైన్ క్లియర్ (లైను ఆపి పని చేసుకోవడానికి ఇచ్చే అనుమతి) తిరిగి ఇచ్చేటప్పుడు ఎర్తింగ్ రాడ్లు తీయడం మరిచిపోయారనుకోండి. బ్రేకర్ వేయగానే దగ్గరలోనే మూడు ఫేజుల ఫాల్ట్. లైను సీవీటీలో వోల్టేజీ సున్నా. అంతకు ముందు లైను చచ్చి ఉంది కాబట్టి రిలే జ్ఞాపకంలో కూడా వోల్టేజీ లేదు. ఫాల్ట్ ఏ దిక్కున ఉందో డిస్టెన్స్ అంశం తేల్చుకోలేదు. అప్పుడు కాపాడాల్సింది ఎస్‌ఓటీఎఫ్ ఒక్కటే. ఆ రాడ్ల దగ్గర ఇంకా మనిషి ఉంటే?

షిఫ్టు ఇంజనీరు

మీరు చెప్పినది నిజమే. కానీ కరెంటు పక్షం లెక్క కూడా చూడండి. లోడు లేకున్నా 220 కేవీ లైను తీసుకునే ఛార్జింగ్ కిలోమీటరుకు సుమారు 0.14 ఎంవీఏఆర్. 30 కిలోమీటర్లకు 4.2, అంటే దాదాపు 11 ఆంపియర్లు. రిలేలో కరెంటు హద్దు సీటీ రేటింగులో 5 శాతం పెట్టినా అది 40 ఆంపియర్లు. లోడు లేకుండా ఈ లైను ఛార్జయి ఉంటే రిలే దాన్ని తెరిచిన బ్రేకర్‌గానే లెక్కేస్తుంది. మీరు చెప్పిన అనవసర ట్రిప్ ఇక్కడా తయారే కదా?

ఎంఆర్‌టీ పాతకాపు

ఈ లెక్కకు ఎదురు లేదు, ఒప్పుకుంటున్నాను. అందుకే ఎస్‌ఓటీఎఫ్‌కు కరెంటు ఒక్కటే చాలదు, వోల్టేజీ కూడా పోయి ఉండాలి. మీ లైను ఛార్జయి ఉంటే కరెంటు లేకపోయినా సీవీటీలో వోల్టేజీ నిండుగా ఉంటుంది, రిలే పొరబడదు. సీవీటీ ఫ్యూజు పోతే ఏమిటంటారా, ఫ్యూజు లోపాన్ని పసిగట్టే అంశాన్ని దానికి అడ్డుగా కట్టాలి. సీవీటీ బస్సు వైపు ఉంటే మాత్రం ఈ పద్ధతి పనికిరాదు, బ్రేకర్ తెరిచినా బస్సు వోల్టేజీ పోదు. కొత్త ఏఈ గారికి ఆ ఇబ్బంది లేదు.

400 కేవీ నిర్వహణ

మా దగ్గరకు ఈ సలహా యథాతథంగా రాదు. పొడవాటి లైన్లకు ఆ ఛార్జింగ్‌ను సరిపుచ్చే షంట్ రియాక్టర్లు ఉంటాయి. బ్రేకర్ తెరిచాక లైను కెపాసిటెన్సు, రియాక్టరు కలిసి ఊగుతూ వోల్టేజీని నెమ్మదిగా వదులుతాయి. వోల్టేజీ పోయేదాకా చూస్తే ఆలస్యమవుతుంది. ఒకటిన్నర బ్రేకర్ పద్ధతిలో (రెండు లైన్లకు మూడు బ్రేకర్లు) మెయిన్, టై రెండూ తెరిస్తేనే లైను తెరిచినట్టు. ఒక బ్రేకర్‌ను ఐసోలేటర్లు తెరిచి, పరీక్షల కోసం మూసి ఉంచితే కాంటాక్టు లెక్క తప్పుతుంది, ఐసోలేటర్ స్థితి కూడా కలపాలి. ఒంటి ఫేజు ఆటో రీక్లోజ్‌కు (ఫాల్ట్ వచ్చిన ఫేజునే తెరిచి తనంతట మళ్లీ మూయడం) ప్రతి పోలు కాంటాక్టూ విడిగా కావాలి. ఆ ఫేజు తెరిచి ఉండే డెడ్ టైమ్ ఒక్క సెకనే, అక్కడ కాంటాక్టు లేకుండా నడవదు.

ఎంఆర్‌టీ పాతకాపు

ఎల్‌బీబీ, అంటే ట్రిప్ ఇచ్చినా బ్రేకర్ తెరుచుకోకపోతే చుట్టూ ఉన్న బ్రేకర్లను తెరిచే ఏర్పాటు, దాని విషయంలో మాత్రం నేను వెనక్కి తగ్గను. దానికి కరెంటే ప్రమాణం, మన దగ్గర మామూలుగా పెట్టేది సీటీ రేటింగులో 20 శాతం, 200 మిల్లీ సెకన్లు. కాంటాక్టు చెప్పేది యంత్రాంగం కదిలిందని. లోపల ఆర్క్ ఆరిందని కాదు. ఆర్క్ ఆరకుండా కరెంటు పోతూనే ఉంటే 52బీ మాత్రం బ్రేకర్ తెరిచినట్టు చూపుతుంది, దాన్ని నమ్మితే ఎల్‌బీబీ రీసెట్ అయిపోతుంది, బ్రేకర్ కాలుతుంది. ట్రాన్స్‌ఫార్మర్ లోపలి లోపాన్ని గ్యాసు, ఆయిలు కదలికతో పట్టే బుఖోల్జ్ ట్రిప్‌లో కరెంటు తక్కువ ఉండవచ్చు కాబట్టి అక్కడ మాత్రం కాంటాక్టు కలపాలి. ఇంకో జాగ్రత్త: బ్రేకర్ తెరిచాక కూడా సీటీ సెకండరీలో కొంతసేపు తరిగిపోయే డీసీ నిలుస్తుంది, దానివల్ల కరెంటు అంశం ఆలస్యంగా రీసెట్ అవుతుంది. 200 మిల్లీ సెకన్లను తగ్గించాలనుకునేవారు ముందు దీన్ని లెక్కించండి.

కొత్త ఏఈ

అందరికీ ధన్యవాదాలు. ఎస్‌ఓటీఎఫ్‌కు కరెంటు, వోల్టేజీ రెండూ పోయినప్పుడే అనుమతి, ఫ్యూజు లోపం అడ్డు. ఎల్‌బీబీకి కరెంటు. సూచనకు, రీక్లోజ్‌కు 52ఏ (బ్రేకర్‌తో పాటే మూసుకునే కాంటాక్టు), 52బీ రెండూ. రెండూ ఒకే స్థితి చూపితే 5 సెకన్ల తర్వాత అలారం.

షిఫ్టు ఇంజనీరు

ఇలా అయితే నాకు అభ్యంతరం లేదు. అయితే ఆ అలారం రిలే తెర మీదే ఉండిపోతే రాత్రి షిఫ్టులో ఎవరూ చూడరు. అలారాలు చూపే అన్నన్సియేటర్ ప్యానెల్‌లో ఒక కిటికీ ఖాళీగా ఉందేమో రేపు చూసి, వైరింగు డ్రాయింగు గీసేముందే ఇక్కడ రాయండి.