పేరు రివర్‌బోట్, పడవ మాత్రం కదలదు: ఈ కాసినోల వెనక చట్టాలు ఏమిటి?

ఏటిగట్టు:
అమెరికాలో మిసిసిపీ, మిజోరీ నదుల పక్క కాసినోలను ఇప్పటికీ రివర్‌బోట్లనే అంటారు. సెయింట్ లూయిస్ చుట్టుపక్కల ఉండే తెలుగువాళ్ళు చూసే ఉంటారు, లోపల నిలబడితే అది పడవని ఎవరూ చెప్పలేరు. మొదట్లో నీళ్ళ మీదే ఉండాలని ఎందుకు పట్టుబట్టారు? ఆ పట్టు ఎలా సడలింది? మిసిసిపీ రాష్ట్రంలో పెద్ద పెద్ద హోటళ్ళు లేస్తే, ఇల్లినాయ్‌లో అలా ఎందుకు జరగలేదు? పాత స్టీమర్ల వైభవం గురించి కాదు, చట్టాల గురించి తెలిసినవాళ్ళు చెప్పండి.

పాతరేవు:
మొదలు అయోవా రాష్ట్రం. 1980లలో అక్కడ వ్యవసాయం దెబ్బతింది, ట్రాక్టర్ల ఫ్యాక్టరీల మీద బతికిన నదీతీర ఊళ్ళు ఖాళీ అవుతూ వచ్చాయి. జూదానికి తలుపు తీయాలి, కానీ ఊరి నడిబొడ్డులోకి రాకూడదు. 1989 చట్టం ఈ రెంటికీ మధ్య కుదిరిన రాజీ. పడవ ఎక్కి షికారుకెళ్తారు, పనిలోపనిగా ఆడతారు అన్నది లెక్క. అందుకే ఒక్కో పందెం 5 డాలర్లు దాటకూడదన్నారు, ఒక షికారులో ఒక మనిషి 200 డాలర్లకు మించి పోగొట్టుకోకూడదన్నారు, పడవ విస్తీర్ణంలో 30 శాతానికి మించి జూదానికి వాడకూడదన్నారు. 1991 ఏప్రిల్ 1న పడవలు కదిలాయి.

నది మధ్యగీత దాటితే ఇల్లినాయ్. అక్కడ 1990లోనే చట్టం వచ్చింది, పందేనికీ నష్టానికీ హద్దు పెట్టలేదు. 1991 సెప్టెంబరులో ఆల్టన్ దగ్గర వాళ్ళ తొలి పడవ తెరిచారు. దిగువన మిసిసిపీ రాష్ట్రం ఇంకా వదులు: పడవ రేవులో కట్టేసి ఉన్నా ఆడించుకోవచ్చు. 1992లో డైమండ్ లేడీ, ఎమరాల్డ్ లేడీ అనే పడవలు అయోవా వదిలి మిసిసిపీ తీరంలోని బిలాక్సీకి వెళ్ళిపోయాయి. భవనం కట్టించి ఉంటే పెట్టుబడి అక్కడే ఉండేది. పడవకు లైసెన్స్ ఇస్తే లంగరెత్తుకుని పోయింది. 1994లో అయోవా ఆ 5, 200 హద్దులు తీసేసి, కౌంటీల (మన జిల్లాల్లాంటివి) వారీగా మళ్ళీ ఓటింగ్ పెట్టింది. నా దృష్టిలో ఈ చరిత్రంతా ఇంతే: చట్టసభలు జూదం గురించి కాదు, ఎదురొడ్డున ఉన్న రాష్ట్రం గురించి ఆలోచించి సవరణలు చేశాయి.

జమాఖర్చు:
పైన చెప్పింది సరే, షికారు నిబంధన ఎందుకు పోయిందో లెక్కల్లో చూడాలి. కాసినోకి ఆదాయం మెషిన్ ఎన్ని గంటలు తిరిగింది అన్నదాన్ని బట్టి వస్తుంది. పడవ మూడు గంటల ప్రయాణానికి బయల్దేరితే, మొదటి గంటలోనే జేబు ఖాళీ అయినవాడు మిగతా రెండు గంటలూ ఊరికే కూర్చుంటాడు. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాడు ఒడ్డునే ఆగిపోతాడు, లేదా వేరే కాసినోకి పోతాడు. పైగా డీజిల్ ఖర్చు, కెప్టెన్, నావికులు, కోస్ట్ గార్డ్ తనిఖీలు. చలికాలం మంచు గడ్డలు, వసంతంలో వరద సరేసరి. పక్క రాష్ట్రం రేవులోనే ఆడనిస్తుంటే ఈ ఖర్చుతో పోటీపడలేరు. ఇల్లినాయ్ 1999లో, లూసియానా 2001లో, ఇండియానా 2002లో షికారు నిబంధన వదిలేశాయి. ఊరికే వదల్లేదు. లూసియానా ఆ సడలింపుతో పాటే పన్నును 18.5 శాతం నుంచి 21.5కి పెంచింది.

ఇక హోటళ్ళ సంగతి. 2019లో సవరించేదాకా ఇల్లినాయ్ చట్టం మొత్తం 10 లైసెన్సులే ఇచ్చింది, ఒక్కోదానికి ఆడే స్థానాలు 1,200. కొత్త పోటీదారు వచ్చేవాడు కాదు, ఉన్నవాడు సీట్లు పెంచుకోలేకపోయేవాడు. అలాంటప్పుడు వెయ్యి గదుల హోటల్ కడితే వచ్చినవాళ్ళను కూర్చోబెట్టేదెక్కడ? మిసిసిపీలో లైసెన్సుల సంఖ్యకు పరిమితే లేదు. కౌంటీ ఓటర్లు కాదనకపోతే, అర్హత ఉన్నవాడు పెట్టుకోవచ్చు. రాష్ట్ర పన్ను గరిష్ఠంగా 8 శాతం, స్థానిక పన్ను కలిపితే 12 దాకా. పక్కనే ఇంకోడు దిగుతాడు కాబట్టి గదులు, భోజనం, కచేరీలు లేనిదే నిలబడలేరు. ఇల్లినాయ్ 2003లో 25 కోట్ల డాలర్లు దాటిన ఆదాయం మీద పన్ను 70 శాతం చేసింది. ఆ మెట్టు దాటాక వచ్చే ప్రతి డాలరులో కంపెనీకి మిగిలేది 30 సెంట్లు, జీతాలు అందులోంచే ఇవ్వాలి. ఇంకెవరు విస్తరిస్తారు? రెండేళ్ళకే ఆ రేటు తగ్గించారు.

నీటిమట్టం:
కట్టడం వైపు నుంచి నాలుగు మాటలు. "తేలుతూ ఉండాలి" అని చట్టం అంటే ఇంజినీరు చేసేది ఇదీ: హోటల్, వంటశాల, పార్కింగ్ గట్టి నేల మీద, జూదశాల మాత్రం బార్జి (అడుగు చదునుగా ఉండే పెద్ద పడవ) మీద. రెంటినీ కలిపే చోట నీటిమట్టంతో పాటు కదిలే అతుకు ఉంటుంది, దాని మీద తివాచీ పరిస్తే అతిథికి తెలియదు. మిసిసిపీ రాష్ట్రంలోని ట్యునికా కౌంటీలో నది దగ్గర కాలువలు, గుంటలు తవ్వి నీళ్ళు నింపి, బార్జిలను అందులో తేల్చారు.

మిజోరీలో ఈ గుంటలే కోర్టుకెక్కాయి. అసలు అక్కడ మొదటి నుంచీ చిక్కే. 1992లో ప్రజలు ఓటేసినా, అదృష్టం మీద ఆధారపడే ఆటలు రాజ్యాంగంలోని లాటరీ నిషేధం కిందికి వస్తాయని 1994 జనవరిలో రాష్ట్ర సుప్రీంకోర్టు చెప్పింది. దాంతో ఆ మేలో పడవలు స్లాట్ మెషిన్లు లేకుండా, పోకర్, బ్లాక్‌జాక్ లాంటి వాటితో తెరిచారు. స్లాట్లకు నవంబరులో మళ్ళీ ఓటు కావాల్సి వచ్చింది. 1997లో అదే కోర్టు, కాసినో నది మీదే ఉండాలి, పక్కన తవ్విన గుంట నది కాదంది. మరుసటి ఏడాది రాజ్యాంగ సవరణ చేసి, ప్రధాన ప్రవాహానికి 1,000 అడుగుల లోపు గుంట అయినా చాలన్నారు. రెండు గంటలకు 500 డాలర్ల నష్ట పరిమితి మాత్రం 2008 దాకా నిలిచింది. దాన్ని అమలు చేయడానికి అప్పట్లో ప్రతి ఆటగాడికీ కార్డు ఉండాల్సి వచ్చేది.

ఈ నిబంధనల్లో ప్రమాదకరమైనది మిసిసిపీ తీరంలో బయటపడింది. అక్కడి కాసినోలు నదిలో కాదు, సముద్రపు నీళ్ళలో. 2005 ఆగస్టు 29న కత్రినా తుఫాను ఉప్పెన ఆ బార్జిల్లో కొన్నిటిని లేపి హైవే 90 అవతల పడేసింది. నేల మీద కట్టకూడదన్న చట్టం వల్లే అంత బరువున్న కట్టడాలు తీరంలో తేలుతూ ఉన్నాయి. కొన్ని వారాలకే, అక్టోబరులో, తీరంలో 800 అడుగుల లోపల నేల మీద కట్టుకోవచ్చని సవరించారు.

ఏటిగట్టు:
చాలా వివరంగా చెప్పారు, ధన్యవాదాలు. గోవా మాండవీ నదిలో ఉన్నవీ ఇలాంటివేనా?

జమాఖర్చు:
సూత్రం అదేనండీ. 1976 గోవా జూద నిషేధ చట్టానికి 1992లో చేసిన సవరణ ఐదు నక్షత్రాల హోటళ్ళలో స్లాట్ మెషిన్లను అనుమతించింది. టేబుల్ ఆటలను 1996లో నౌకల మీద మాత్రమే ఒప్పుకున్నారు. డీలర్ ముక్కలు పంచే ఆట కావాలంటే మాండవీలో నౌక ఎక్కాల్సిందే, ఒడ్డు మీద ఎలక్ట్రానిక్ ఆటలే. ఆంధ్ర, తెలంగాణల్లో 1974 గేమింగ్ చట్టాల కింద కాసినోకి చోటు లేదు కాబట్టి మనవాళ్ళు అక్కడికి వెళ్తున్నారు. వెళ్ళేవాళ్ళు ఒకటి చూసుకోండి: జీఎస్టీ పడేది గెలుపు మీద కాదు, కొన్న చిప్స్ (డబ్బుకు బదులు ఆటలో వాడే బిళ్ళలు) మొత్తం మీద. 2025 సెప్టెంబరు 22 నుంచి అది 40 శాతం. ఆడకుండా చిప్స్ తిరిగిచ్చినా, ఆ మేరకు పన్ను లెక్కలోంచి తీసేయరు.