ప్రత్యేక యాప్‌లు ముందా, మన పాఠాన్ని సరిచేసుకోవడం ముందా?

గణిత ఉపాధ్యాయుడు:
నా తరగతిలో చూపు లేని విద్యార్థి ఒకరు, వినికిడి లోపం ఉన్న విద్యార్థిని ఒకరు ఉన్నారు. ఆన్‌లైన్‌లో వెతికితే ఇలాంటి పిల్లల కోసం తయారైన యాప్‌ల జాబితాలు కుప్పలుగా దొరుకుతున్నాయి. వాటిలో మంచివి ఎంచి ఇవ్వడమే మేలని నా అభిప్రాయం. అందరి కోసం రాసుకున్న పాఠాన్ని ఇద్దరి కోసం తిరగరాసే తీరిక ఎవరికి ఉంది?

ప్రత్యేక విద్యా ఉపాధ్యాయిని:
తీరిక లేదన్న మాట నిజమే గానీ, మాస్టారూ, ముందు మీరు పిల్లలకు పంపే పీడీఎఫ్‌ను తెరిచి, ఒక వాక్యాన్ని కాపీ చేసి వేరే చోట పేస్ట్ చేసి చూడండి. అక్షరాలు అసలు సెలెక్ట్ కాకపోతే అది స్కాన్ చేసిన బొమ్మ. పేస్ట్ చేశాక పిచ్చి గుర్తులు కనిపిస్తే అది చాలావరకు యూనికోడ్ (అన్ని కంప్యూటర్లూ ఒకేలా గుర్తించే అక్షర సంకేతాలు) కాని పాత ఫాంటు. తెరమీది అక్షరాలను పైకి చదివి వినిపించే ఎన్‌వీడీఏ వంటి స్క్రీన్ రీడర్ ఉచితంగానే దొరుకుతుంది, కానీ ఫైలులో లేని అక్షరాలను అది ఎక్కడి నుంచి తెచ్చి చదువుతుంది?

గణిత ఉపాధ్యాయుడు:
చూశాను, బొమ్మే. బొమ్మలోని అక్షరాలను గుర్తించి టైపు చేసిన పాఠంగా మార్చే ఓసీఆర్ చేయిస్తే మాటలు చాలావరకు వచ్చాయి గానీ, ‘ఎక్స్ వర్గం’ కాస్తా ‘ఎక్స్ రెండు’ అయి కూర్చుంది. లెక్కల పాఠంలో అంతకంటే అన్యాయం ఏముంటుంది?

ఒక తల్లి:
మా అమ్మాయికి వినిపించదు. వెబ్ ప్రమాణాలు రూపొందించే వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియం, వైకల్యం ఉన్నవారూ వెబ్‌ను వాడుకోగలగాలని 2008లో వెలువరించిన డబ్ల్యూసీఏజీ 2.0 ప్రమాణాల్లో, రికార్డు చేసిన వీడియోకు క్యాప్షన్లు (మాటలను తెరపై చూపే అక్షరాలు) ఉండాలన్నది కనీస స్థాయి నియమమే. అయినా పాఠాల వీడియోల్లో కనిపించేవి ఎవరూ సరిచూడని ఆటోమేటిక్ క్యాప్షన్లు. ఒక జ్యామితి పాఠంలో ‘లంబం’ అన్నచోటల్లా ‘లాభం’ అని పడింది. అలాగని ప్రత్యేక వనరులు అక్కర్లేదని నేను అనను. సంజ్ఞా భాషలోనే ఆలోచించే పిల్లలకు సరైన క్యాప్షన్లు కూడా పరభాషలో పాఠం వంటివే, వారికి సంజ్ఞా భాషలో చేసిన వీడియోలే కావాలి.

చూపు లేని పట్టభద్రుడు:
అమ్మగారి మాటతో ఏకీభవిస్తున్నాను, గణితం మాస్టారి తొలి మాటతో మాత్రం ఏకీభవించలేను. నాకు విడిగా ఒక యాప్ ఇచ్చిన ఏడాది, తరగతి ఐదో లెక్క చేస్తుంటే నేను యాప్‌లో ఇంకేదో అధ్యాయం చేస్తూ ఉండేవాడిని. పక్కవాడిని సందేహం అడుగుదామన్నా ఇద్దరి ముందూ ఒకే లెక్క ఉండేది కాదు. ఆ తరువాత మా మాస్టారు మామూలు వర్డ్ ఫైలులో శీర్షికలకు హెడింగ్ స్టైల్ పెట్టి పంపడం మొదలుపెట్టారు, స్క్రీన్ రీడర్‌లో ఒక్క మీటతో శీర్షిక నుంచి శీర్షికకు దూకుతూ కావలసిన లెక్క దగ్గరకు వెళ్లిపోయేవాడిని.

గణిత ఉపాధ్యాయుడు:
సరే, సమీకరణాలను ఈక్వేషన్ ఎడిటర్‌లో మళ్లీ టైపు చేస్తాను. మరి పటాలకు ఏమి వివరణ రాయాలి?

చూపు లేని పట్టభద్రుడు:
‘త్రిభుజం’ అని వదిలేస్తే నాకు ఏమీ తెలియదు. ఏబీసీ త్రిభుజంలో బీ లంబకోణం, ఏబీ 3, బీసీ 4 అని రాయండి. ఏసీ ఎంత అన్నదే ప్రశ్న అయితే, ఏసీ 5 అని కూడా రాశారంటే జవాబు చెప్పేసినట్టే!