పార్క్స్ బోర్డులో సీటుకి అప్లై చేయాలా? అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి

మామిడితోట:
అందరికీ నమస్తే. మేము డాలస్ దగ్గర ఉంటాం. మా సిటీ పార్క్స్ అండ్ రిక్రియేషన్ బోర్డులో రెండు సీట్లు ఖాళీ అయ్యాయి. జీతం లేదు, నెలకో మీటింగ్. అప్లై చేద్దామనుకుంటున్నా. బోర్డు మాట సిటీ వింటుందా? ఇంటర్వ్యూలో ఏం అడుగుతారు? వీసా మీద ఉన్నవాళ్లకి అవకాశం ఉంటుందా? మా అత్తయ్య, మావయ్య ఇండియా నుంచి వచ్చినప్పుడల్లా పార్కుకి వెళ్తారు. నీడలో కూర్చోడానికి ఒక్క బెంచీ లేక పది నిమిషాల్లో తిరిగొచ్చేస్తారు. నా బాధ అది.

కవర్‌డ్రైవ్:
తప్పకుండా అప్లై చేయండి. మా క్రికెట్ పిచ్ కోసం నాలుగేళ్లు తిరిగాం. అందులో రెండేళ్లు వృథా, ఎందుకంటే నేరుగా సిటీ కౌన్సిల్‌కి వెళ్లాం. మూడు నిమిషాలు మాట్లాడితే థాంక్స్ చెప్పి పంపేవాళ్లు. తర్వాత ఒక పెద్దాయన చెప్పారు, పార్కుల మాస్టర్ ప్లాన్‌లో మీ ఆట పేరే లేకపోతే బడ్జెట్‌లోకి ఎలా వస్తుందని. ఆ ప్లాన్ ముసాయిదా కౌన్సిల్ కంటే ముందు బోర్డు దగ్గరికి వస్తుంది. మూడో ఏడాది ఎన్ని టీములు, ఎంతమంది పిల్లలు, ఆడుకోడానికి ఎంత దూరం పోతున్నారు, అన్నీ రాసి బోర్డుకి ఇచ్చాం. ప్లాన్‌లో ఎక్కింది, పిచ్ వచ్చింది. నార్త్ కరోలినాలో మోరిస్‌విల్ చూడండి. 2023లో మేజర్ లీగ్ క్రికెట్ (అమెరికా ప్రొఫెషనల్ టీ20 లీగ్) మ్యాచ్‌లు కొన్ని ఆ టౌన్ వాళ్ల చర్చ్ స్ట్రీట్ పార్కులోనే ఆడారు.

సాయంత్రం_నడక:
పిచ్ తెచ్చుకున్నారు, సంతోషం. పక్కన నడిచేవాళ్ల గురించి ఎవరైనా ఆలోచించారా? మా పార్కులో సాకర్ గ్రౌండ్ మధ్యలో పిచ్ వేశారు. పోయిన నెల గట్టి బంతి వచ్చి మా పాప స్ట్రోలర్‌కి అడుగు దూరంలో పడింది. ఆ రోజు నుంచి శని, ఆదివారాలు పార్కుకి పోవడం మానేశాం. ఒక ఇరవై రెండు మంది కోసం అందరూ ఇళ్లలో కూర్చోవాలా?

కవర్‌డ్రైవ్:
పాపకి ఏం కాలేదు కదా, అది ముఖ్యం. కానీ ఇరవై రెండు మంది అనకండి. మా పిచ్ మీద శనివారం ఒక్క రోజే ఐదు మ్యాచ్‌లు. బేస్‌బాల్ బంతి పడితే ఎవరూ మాట్లాడరు, క్రికెట్ అనగానే మనవాళ్లే ముందు ఫిర్యాదు చేస్తారు. నాకు నిజంగా కోపం వస్తోంది.

సాయంత్రం_నడక:
మనవాళ్లా, వేరేవాళ్లా అన్నది ఇక్కడ సంగతే కాదు. తగిలి ఉంటే ఈ మాట అనగలిగేవారా?

సైట్‌ప్లాన్:
పద్దెనిమిదేళ్లుగా పార్కులు డిజైన్ చేయడమే నా పని, కాబట్టి లెక్క చెప్తా. పిచ్ పొడవు 22 గజాలు. పెద్దవాళ్ల అంతర్జాతీయ మ్యాచ్‌లకి పిచ్ మధ్య నుంచి బౌండరీ కనీసం 65 గజాలు ఉండాలి. పార్కులో అంత లేకపోయినా, దాని దరిదాపుల్లో ఉండాలి. సాకర్ గ్రౌండ్ వెడల్పు 80 గజాలు అనుకోండి. మధ్యలో పిచ్ వేస్తే పక్కకి మిగిలేది 40 గజాలే. ఆ గీత పక్కనే నడక దారి ఉంటే బంతి పడక ఏమవుతుంది? తప్పు ఆడేవాళ్లది కాదు, నడిచేవాళ్లది కాదు, డ్రాయింగ్‌ది. రెండు సాకర్ గ్రౌండ్లు పక్కపక్కన ఉంటే వాటి మధ్య ఖాళీలో పిచ్ వేయాలి. బోర్డులో ఒక్కరైనా టేపు పట్టి కొలవమని అడిగి ఉంటే ఇదంతా అక్కడే తేలిపోయేది.

కుకట్‌పల్లి_పాతకాపు:
మీకు అడగడానికి ఒక బోర్డైనా ఉంది. 74వ రాజ్యాంగ సవరణ 1992లో వచ్చింది. 3 లక్షల జనాభా దాటిన నగరాల్లో వార్డు కమిటీలు ఉండాలంది, పార్కులు, ఆటస్థలాలు మున్సిపాలిటీల పనుల జాబితాలో పెట్టింది. తెలంగాణ 2019 మున్సిపల్ చట్టంలో వార్డుకి నాలుగు కమిటీలు: యువత, మహిళలు, పెద్దలు, ప్రముఖులు, ఒక్కోదాంట్లో 15 మంది. చట్టం బాగుంది. మా పార్కులో బోరు పాడై ఏడాది అయింది. ఎవరికి చెప్పాలో మా వీధిలో ఒక్కరికీ తెలియదు.

గోదారిగట్టు:
కమిటీ ఎందుకండీ, కాలనీ అసోసియేషన్లు చూసుకుంటున్నాయి కదా. మా దగ్గర అసోసియేషన్‌కి అప్పగించాకే పార్కు పచ్చబడింది.

కుకట్‌పల్లి_పాతకాపు:
పచ్చబడింది నిజమే. గేటు తాళం ఎవరి దగ్గరుంది? నేను ఇంతకుముందు ఉన్న కాలనీలో ఉదయం పదింటికి తాళం వేసి సాయంత్రం ఐదుకి తీసేవారు. వెనక బస్తీ పిల్లలు గోడ దూకితే వాచ్‌మన్ కర్ర పట్టుకునేవాడు. లేఅవుట్‌లో పది శాతం ఖాళీ స్థలం వదిలి మున్సిపాలిటీకి గిఫ్ట్ డీడ్ రాసిచ్చాక అది కాలనీ ఆస్తి కాదు, ఊరందరిదీ. అసోసియేషన్‌లో ఇళ్ల ఓనర్లే ఉంటారు. అద్దెకున్నవాడికి, బస్తీవాడికి అక్కడ నోరు లేదు. నేను మాట్లాడితే నన్ను వాట్సాప్ గ్రూపు నుంచి తీసేశారు.

గోదారిగట్టు:
రాత్రుళ్లు అక్కడ తాగి సీసాలు పగలగొట్టేది ఎవరు మరి? మా ఆడవాళ్లు ఏరారు ఆ గాజు పెంకులు. తాళం ఊరికే వేయలేదు.

కుకట్‌పల్లి_పాతకాపు:
రాత్రి తాగినవాడి కోసం పగలు పిల్లల్ని ఆపుతారా?

నాలుగో_కోర్టు:
కాలిఫోర్నియాలో పార్క్స్ కమిషన్‌లో ఒక టర్మ్ చేశాను. మామిడితోట గారూ, మాది సలహా మాత్రమే, చివరి మాట కౌన్సిల్‌దే. అయినా వింటారు, ఎందుకంటే ప్రతి మాటా మినిట్స్‌లో, అంటే మీటింగ్ రికార్డులో ఉంటుంది. ఇక్కడ 1953 నాటి బ్రౌన్ యాక్ట్ (మీటింగులు జనం ముందే జరగాలనే చట్టం) ప్రకారం రెగ్యులర్ మీటింగ్‌కి 72 గంటల ముందే అజెండా బయట పెట్టాలి. అజెండాలో లేని విషయం మీద మేము చర్చించకూడదు. పాపం చాలామంది ఇది తెలియక వచ్చి ఏడ్చి వెళ్తారు, మేము తలూపడం తప్ప ఏం చేయలేం. అందుకే ముందు స్టాఫ్‌కి రాసి అజెండాలో పెట్టించుకోవాలి. నా టర్మ్‌లో సగం పికిల్‌బాల్‌కే (గట్టి బ్యాట్, ప్లాస్టిక్ బంతితో చిన్న కోర్టులో ఆడే ఆట) పోయింది. ఒక టెన్నిస్ కోర్టులో నాలుగు పికిల్‌బాల్ కోర్టులు పడతాయి, పదహారు మంది ఆడొచ్చు. కానీ ఆ టకటక శబ్దానికి పక్కింటివాళ్లు నిద్ర లేదని వచ్చారు. చివరికి ఇళ్లకి దూరంగా ఉన్న కోర్టులు ఇమ్మని రాశాం, కౌన్సిల్ ఒప్పుకుంది. ఆ రోజు ఇంటికి ఎంత ఆనందంగా వెళ్లానో.

కవర్‌డ్రైవ్:
పికిల్‌బాల్‌కి ఏడాదిలో కోర్టులు, మాకు నాలుగేళ్లు.

నాలుగో_కోర్టు:
వాళ్లు ప్రతి మీటింగ్‌కీ నలభై మంది వచ్చారు సర్. మీవాళ్లు ఎంతమంది వచ్చారు?

కవర్‌డ్రైవ్:
మొదట్లో ఐదుగురం. చివర్లో అమ్మలు, పిల్లలు కూడా వచ్చారు. అప్పుడే కదిలింది, ఒప్పుకుంటా.

సాయంత్రం_నడక:
సైట్‌ప్లాన్ గారూ, ఈ రోజు అడుగులు లెక్కపెట్టా. పిచ్ నుంచి నడక దారికి నలభై రెండు. బోర్డుకి చెప్తే నెట్ వేస్తారా?

సైట్‌ప్లాన్:
పెద్ద అడుగులైతే సుమారు నలభై గజాలు, నేనన్న లెక్కే. నెట్ అడగండి. దారిని కొంచెం అవతలికి జరిపితే ఇంకా మంచిది. ఒక కాగితం మీద గీసి, ఎక్కడ బంతి పడిందో ఎర్ర చుక్క పెట్టి ఇవ్వండి. బోర్డు వాళ్లకి మాటకంటే బొమ్మ తొందరగా ఎక్కుతుంది.

కవర్‌డ్రైవ్:
ఏ రోజు మీటింగో చెప్పండి. మా టీము నుంచి ఇద్దరం వచ్చి నెట్ కావాలనే మాట్లాడతాం.

మామిడితోట:
వీసా సంగతి నేనే సిటీ క్లర్క్‌ని అడిగా. మా ఊళ్లో రిజిస్టర్డ్ ఓటరై ఉండాలట, అంటే సిటిజన్ కావాలి. నాకు పోయిన ఏడాదే వచ్చింది కాబట్టి పర్వాలేదు, కానీ ఊరూరికీ రూలు వేరేనట, చూసుకోండి. నిన్న మీటింగ్‌కి వెళ్లి వెనక కూర్చున్నా. జనంలో నాతో కలిపి ముగ్గురం. నీడ పందిళ్ల ఖర్చు వచ్చే ఏడాది లిస్టులో తొమ్మిదో వరసలో ఉంది, డబ్బులు ఆరో వరస దాకే వస్తాయన్నారు. అప్లికేషన్‌కి శుక్రవారం దాకా గడువు. ఇంటర్వ్యూలో ఏం అడుగుతారో మాత్రం ఎవరూ చెప్పలేదు. వెళ్లినవాళ్లు ఉంటే ఈలోగా రాయండి ప్లీజ్.