బురుజు గోడలో రావి వేర్లు: కోనేటి నీళ్లు పాడవకుండా చంపేదెలా?

పల్నాడు వైపు ఒక కొండకోట. 5 మీటర్ల బురుజు, సున్నంతో కట్టిన రాతి గోడ. అందులో మూడు రావి మొక్కలు. పెద్దదాని మొదలు 6 సెంటీమీటర్ల మందం. పురావస్తు శాఖ అనుమతితోనే పని జరుగుతోంది.

జనవరిలో మొదలంటా కోశాం. జూలై రెండో వారానికి అదే మోడు నుంచి చిగుళ్లు గుత్తిగా వచ్చేశాయి. మళ్లీ కోసి నల్ల పట్టా కప్పి, అంచులు మట్టితో మూసి నాలుగు నెలలు ఉంచాం. మోడు ఎండింది కానీ, జానెడు అవతల రాళ్ల సందులోంచి కొత్త పిలక లేచింది. లాగితే పిడికెడు సున్నం రాలి, రాయి కదిలింది. పీకడం అక్కడితో ఆపేశాం. ఉప్పు వేయమన్నారు, వేయలేదు: గోడలోకి దిగి, ఆరాక రాతి పెచ్చులు ఊడగొడుతుంది. సిమెంటు పూతా వద్దు, తేమను లోపలే బంధించి వేరుకు నీళ్లు పెట్టినట్టే అవుతుంది.

కోసిన వెంటనే మోడుకు గ్లైఫోసేట్ అనే కలుపు మందు పూస్తే పనిచేస్తుందని తెలుసు. కానీ గోడకు 3 మీటర్ల దిగువనే కోనేరు. కప్పలు, చేపపిల్లలు, పశువులు తాగే నీళ్లు. గోడ కన్నాల్లో గుడ్లగూబలు గూడు పెడతాయి కాబట్టి అవి గూడు పెట్టని రోజుల్లోనే పని చేయాలి. వేరు చచ్చాక సందులు సున్నం, ఇసుక 1:3 పాళ్లలో నింపాలని ఆలోచన.

నీటి పక్కనున్న పాత రాతికట్టులో, మందు చుక్క కూడా కిందికి జారకుండా, రావి వేరును లోపలిదాకా చంపగలిగిన పద్ధతి మీలో ఎవరికైనా ఏది ఫలించింది?